సిగ్నల్ మామయ్య పట్టిన చిరుతల భజన

మామయ్య పోయాడన్న కబురు అందినప్పుడు నేను బ్యాంకులో కౌంటర్ దగ్గర ఉన్నాను. మా బ్రాంచి సూరత్‌లోని వరాఛాలో. వజ్రాలు సానబట్టే పనివాళ్ళు నా ముందు బారులు తీరి ఉన్నారు. ఫోను మామయ్య కొడుకు దగ్గర్నుంచి. హజీరాలో ఉద్యోగం, పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే, అతని నోట తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిసే వస్తాయి. "వదినా, పప్పా పోయిండు. సవారే చాయ్ తాగిండు, పేపర్ చదివిండు. కుర్సీలనే అట్లనే... బస్," అన్నాడు. కౌంటర్ మూసేసి, వెనక గదిలోకి వెళ్ళి కరువు తీరా ఏడ్చాను. తర్వాత ఆటో ఎక్కాను.

కోవిడ్ కాలమంతా క్షేమంగా దాటుకొచ్చిన మనిషి. ఆస్పత్రి మొహం చూడకుండా, తన ఇంట్లో, తన కుర్చీలో వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో మనం ఎలాంటి చావులు చూశామో తలచుకుంటే మామయ్యది చల్లని చావే. అత్తయ్య కూడా అలాగే అంది. "మంచిగనే పోయిండు. జర చెప్పి పోతే ఏమయితుండె?" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. మా అమ్మకు తమ్ముడు. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగం. సర్వీసంతా కిమ్ స్టేషనుకూ సూరత్‌కూ మధ్య పట్టాల పక్కనే గడిచింది. నాకు ఇక్కడికి బదిలీ అయినప్పుడు ఉధ్నాలో తమ వీధిలోనే ఇల్లు చూసిపెట్టి, ఏ కూరగాయల బండి దగ్గర తూకం సరిగ్గా ఉంటుందో కూడా చెప్పాడు. ఏ పని చేసినా సరిచూసి, మళ్ళీ ఒకసారి సరిచూస్తే గాని ఆయనకు నిద్రపట్టదు. స్టవ్ ఆర్పాక కూడా వంగి చూసేవాడు. "అది స్టవ్వయ్యా, రైలు గాదు, రా," అని అత్తయ్య కేకలేసేది.

మా వీధి చివర చిన్న హనుమంతుడి గుడి ఉంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మరమగ్గాల్లో పనిచేసే మగవాళ్ళు శనివారం సాయంత్రాలు అక్కడ చిరుతల భజన చేసేవారు. చిరుతలంటే చేత్తో పట్టుకొని కొట్టే చెక్కలు, వాటికి ఇత్తడి బిళ్ళలు. గుండ్రంగా తిరుగుతూ, అడుగు వేస్తూ, చిరుతలు కొడుతూ రామకథ పాడతారు. ఒకరు చరణం అందుకుంటారు, మిగతావాళ్ళు వంత పాడతారు. అందుకునే ఆయన మండలి పెద్దాయన. మామయ్యకు చుట్టం కాదు. అయినా ఈయన "బావా" అనేవాడు, ఆయన "బామ్మర్దీ" అనేవాడు. మామయ్య గుడి మెట్ల మీద ఒక మూల కూర్చుని భజన అయ్యేదాకా కదిలేవాడు కాదు. పాడమంటే మాత్రం, "మీరు పాడుండ్రి, నేను వింట," అనేవాడు. ఆ వినడం కూడా ఒక పనిలాగే చేసేవాడు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. పనివాళ్ళు దొరికిన బండి పట్టుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. గుడికి తాళం పడింది. శనివారం సాయంత్రం మామయ్య బాల్కనీలో కూర్చుని వీధి చివరకు చూస్తూ ఉండేవాడు. ఒకసారి నాతో అన్నాడు: "ఇన్నేండ్లు విన్న బిడ్డా. ఒక్క పాట గూడ పట్టిపెట్టుకోలే. ఎన్నటికీ ఉంటదనుకున్న." ఆయన గొంతులో అంత దిగులు నేను అంతకు ముందు వినలేదు.

సామాన్లు ఇంటికి తెచ్చివ్వడం మళ్ళీ మొదలవగానే రికార్డర్ తెప్పించాడు. "ఫోన్ల పట్టొచ్చు గద మామా, దీనికి ఇంత ఖర్సెందుకు?" అన్నాను. "ఫోన్ల మనిషి మాట ఆగుతది. చిరుతల సప్పుడు ఆగదు," అన్నాడు. అరచేతిలో పట్టేంత నల్ల పెట్టె. నెత్తిన రెండు చిన్న మైకులు. దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, రైల్వే రూల్సు చదివినట్టు, మొదటి పేజీ నుంచి చదివాడు. తెలియనివి నన్నడిగాడు. నాకూ తెలియవు. ఇద్దరం కలిసి తెలుసుకున్నాం. మాస్కులు కట్టుకుని ఆయన భోజనాల బల్లకు చెరో చివర కూర్చుని గడిపిన ఆ ఆదివారాలు నాకు చాలా ఇష్టం.

భజన లేదు కాబట్టి ఇంట్లో ఉన్నదే పట్టాం. కుక్కర్ కూత, ఫ్యాను, కింద అంతస్తులో గుజరాతీ ఆరతి, అన్నిటికంటే ఎక్కువగా అత్తయ్య. "నా తిట్లు పట్టిపెట్టుడెందుకు? రోజు కొత్తగ తిడ్తనే ఉన్న గద!" అనేది ఆవిడ. అయినా సాయం చేసింది. చిరుతలకు బదులు స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టింది, మామయ్య ఏదో పద్యం చదివాడు. తిరిగి వింటే గరిటె పడ్డప్పుడల్లా పద్యం నూతిలో పడినట్టు కిందికి పోయి మెల్లగా పైకొస్తోంది. మిషన్ తనంతట తానే ధ్వని తగ్గించుకుంటోందన్న మాట. పుస్తకం తిరగేసి ఆ ఏర్పాటు తీసేశాం. అప్పుడాయన నాకు చెప్పిన మాట: "గట్టి సప్పుడును జూసి లెవల్ వెట్టాలె. మెల్లగున్నది అదే ఇనవడ్తది." మీటింగుల్లో నేనిప్పటికీ ఆ మాట తలచుకుంటాను, కాని అక్కడ అది పనిచేయదు.

ఇంకా కొన్ని చెప్పేవాడు. కొత్త బ్యాటరీలు వేశాక పాతవి అదే జేబులో వేసుకోవద్దు. మిషన్ ఎక్కడ పెట్టాలో తెలియకపోతే కళ్ళు మూసుకుని అటూ ఇటూ నడువు, మంచిగా వినపడ్డచోట ఆగు, అక్కడే పెట్టు. పట్టేవాడు తల ఊపకూడదు, తాళం వేయకూడదు, శభాష్ అనకూడదు. ఈ చివరిది ఆయనకే కష్టమైంది.

పనివాళ్ళు కొద్దికొద్దిగా తిరిగొచ్చారు. గుడి తెరిచారు. మండలి పెద్దాయన కూడా వచ్చాడు, కాని ఉండటానికి కాదు. ఆయన పనిచేసే కార్ఖానాలో పాత మగ్గాలు తీసేశారు. ఇంకోచోట కొత్తగా చేరే ఓపిక లేదట. "సామాన్లు సదురుకొని పోదామని వచ్చిన బామ్మర్దీ. మోకాళ్ళు ఇగ నిలవడనిస్తలేవు. మంగళారం బండికి టికెటయింది," అన్నాడు. ఆయన లేకపోతే ఆ మండలిలో చరణం అందుకునేవాళ్ళు లేరు. అంటే ఆ శనివారం భజనే ఆఖరిది. దాన్ని పట్టకపోతే ఇక లేదు. మామయ్య ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు.

శనివారం మేం ముందే వెళ్ళాం. గుండ్రంగా తిరిగేవాళ్ళ చిరుతలకు కాస్త ఎత్తులో, గుడి అరుగు మీద స్టాండు పెట్టాం. మండలివాళ్ళకు ఆ మిషన్ చూసి ఎంత ముచ్చటేసిందంటే, మేం అటు తిరిగి ఇటు తిరిగేలోగా దాని నడినెత్తిన కుంకుమ బొట్టు పెట్టి బంతిపూల దండ వేసేశారు. కొత్త మగ్గానికి అలాగే చేస్తారు. మామయ్య దండం పెట్టి, దండ తీసి స్వామి మెడలో వేసి, మైకు జాలీ మీది కుంకుమను నోటితో ఊదాడు. తర్వాత మీట నొక్కాడు. ఎర్రదీపం మిణుకు మిణుకుమంది. హెడ్‌ఫోన్లలో చిరుతలు గల్లుమన్నాయి. తెర మీద గీతలు ఎగిరి పడుతున్నాయి. ఆయన నా వైపు తిరిగి తృప్తిగా కళ్ళు మూసి తెరిచాడు.

ఆ రోజు పెద్దాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని పాడిన పాట నేను వర్ణించలేను. మధ్యలో ఒకసారి మామయ్య చెయ్యి తగిలి మీట నొక్కుకుపోయింది. మిణుకుమనే దీపం నిలిచి వెలిగింది. ఆయన కంగారుపడి ఆపి, మళ్ళీ ఒక్కసారి నొక్కాడు. దీపం మిణుకుమనడం మొదలయ్యాక గాని ఆయన ప్రాణం కుదుటపడలేదు.

ఇంటికొచ్చి చూస్తే పెట్టెలో పాట లేదు. ఒకే ఒక చిన్న ముక్క ఉంది. అందులో చిరుతలు రెండు దెబ్బలు, తర్వాత మామయ్య గొంతు: "అరె, బంద్ అయింది!"

మిణుకుమంటుంటే సిద్ధంగా ఉన్నానని అర్థమట. రెండోసారి నొక్కి, దీపం నిలిచి వెలిగితేనే పట్టడం మొదలవుతుందట. ఆ పేజీ ఆయన చదివాడు, నేనూ చదివాను. కాని నౌకరీ అంతా ఎర్రదీపాల మధ్య బతికిన మనిషికి నిలకడగా వెలిగే ఎరుపంటే ఒక్కటే అర్థం. ఆయన చేతులు పుస్తకం మాట వినలేదు. ఆ రెండు దెబ్బలే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాడు. అత్తయ్య కూడా ఆ పూట తిట్టకుండా చాయ్ తెచ్చిచ్చింది. "ఎర్రలైటంటే ఆగుడే గద బిడ్డా. అది ఎలిగినంక బండి నడుస్తదని ఎవడనుకుంటడు?" అన్నాడు చివరికి. తనలో తనే నవ్వడం మొదలుపెట్టాడు. అత్తయ్య నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన గదికి వెళ్ళాం. జరిగింది విని ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. మామయ్య నవ్వలేదు. "బావా, టేషన్ల పాడ్తవా?" అని అడిగాడు.

"ప్లాట్‌ఫారం మీదనా? జనం పిచ్చోళ్ళనుకుంటరు గదరా!"

"అనుకోనీ. నేను టేషన్లోళ్ళతోని మాట్లాడ్త. నువ్వు జర ముందుగాల రా, సాలు."

ప్లాట్‌ఫారం టికెట్లు మళ్ళీ ఇస్తున్న రోజులవి. మంగళవారం నేను సెలవు పెట్టాను. మండలిలో పని లేనివాళ్ళంతా వచ్చారు. మామయ్య పాత స్నేహితులతో మాట్లాడి, బండి వెళ్ళే దిక్కున, ప్లాట్‌ఫారం కొసన చోటు చూసి ఉంచాడు. అక్కడైతే అనౌన్సుమెంట్ల గోల తక్కువ, పెద్దాయన ఎక్కే రైలుపెట్టె కూడా దగ్గర్లోనే ఆగుతుంది. గాలి కొట్టకుండా మైకులకు తన మంకీ క్యాపు కత్తిరించి తొడిగాడు. ఆ టోపీ అత్తయ్య అల్లింది. అందుకు ఆవిడ అన్న మాటలు కూడా ఆ రికార్డర్‌లో ఎక్కడో ఉన్నాయి.

ఈసారి దీపం నిలిచి వెలిగే వరకూ ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. అంకెలు కదులుతున్నాయో లేదో నేను చూశాను, ఆయన చూశాడు, మళ్ళీ నేను చూశాను. పెద్దాయన ట్రంకుపెట్టె మీద కూర్చునే అందుకున్నాడు. మిగతావాళ్ళు సంచుల మధ్య గుండ్రంగా తిరిగారు. పోలీసాయన ఒకతను వచ్చాడు, ఏదో అనబోయి, మాస్కు సర్దుకుని నిలబడిపోయాడు. పెద్దాయన ఆగి ఆగి బండి కోసం చూస్తుంటే, దూరంగా సిగ్నల్ వైపు చూసి మామయ్య వేళ్ళతో సైగ చేసేవాడు: ఇంకా ఉంది, పాడు. నేను చూసినంతలో ఆయన అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. తల ఊపకుండా ఉండటానికి రెండు చేతులతో గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. బండి వచ్చింది. పాట ఆపకుండానే ఎక్కించారు. నేను ట్రంకుపెట్టె అందించే హడావుడిలో పడ్డాను కాబట్టి బండి కదిలినప్పటి సంగతి నాకు సరిగా గుర్తులేదు.

ఆ పాట కాపీలు మండలిలో అందరి ఫోన్లలో ఉన్నాయి. మామయ్య పోయిన కబురు చెప్పడానికి ఫోన్ చేస్తే పెద్దాయన మొదట అత్తయ్య ఎలా ఉందని అడిగాడు. తర్వాత అన్నాడు: "నా పాట ఎట్లుంటదో నాకు ఇంత వయసొచ్చినంక ఎరుకైంది బిడ్డా. తాళం ఏడ తప్పుతనో గూడ ఎరుకైంది. అంతా మా బామ్మర్ది పుణ్యమే." ఆ మాట మామయ్య విని ఉంటే సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయేవాడు.

కర్మలు అయ్యాక అత్తయ్య రికార్డర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నువ్వు పట్టు ఇగ. నాకు ఆ మీటలు ఏమెరుక," అంది. ఆ ఆదివారం ఇంట్లో తలుపు వేసుకుని, రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్లాట్‌ఫారం పాట మొదటిసారి చివరిదాకా విన్నాను. బండి కూత, ఇనుము కదిలిన చప్పుడు. రైలుపెట్టె తలుపు దగ్గర నిలబడి పెద్దాయన చరణం అందుకున్నాడు, అది నా ఎడమ చెవిలో. ప్లాట్‌ఫారం మీదివాళ్ళు మధ్యలో నిలబడి వంత పాడారు. తర్వాతి చరణం నా ముందు నుంచి నడిచి వెళ్ళింది. ఆ తర్వాతిది కుడి చెవిలో, దూరంగా, సన్నగా. తెలియకుండానే అటువైపు తల తిప్పాను. చివరి పెట్టె కూడా దాటిపోయింది. ఇక ఆయన గొంతు లేదు, అయినా మామయ్య మిషన్ ఆపలేదు. ప్లాట్‌ఫారం మీద చిరుతలు మెల్లగా మోగుతూనే ఉన్నాయి. ఎక్కడో వెళ్ళే బండిలో ఆయన ఒక చరణం పాడేంత సేపు వాళ్ళు గొంతెత్తకుండా ఆగారు. ఆగి, అందరూ కలిసి వంత అందుకున్నారు.