మగవాళ్లు మాత్రమే ఎక్కగల నిచ్చెన

పొద్దున్నే పేపరు జిల్లా పేజీల్లో ఉద్యోగ ప్రకటనలు చదవడం నాకు పోర్టులో పనిచేసే రోజుల నుంచీ ఉన్న అలవాటు. మరీ వింతగా ఉన్నవాటిని కత్తిరించి ఆనాటి డైరీ పేజీలో అతికిస్తాను. "చూడచక్కని, పెళ్లికాని యువతులు కావలెను" అని ఒక బట్టల షాపు వేసింది. పని బిల్లులు రాయడం. పెళ్లైతే కూడికలు మరిచిపోతారని ఆ యజమానికి ఎవరు చెప్పారో! ఇంకో స్కూలుకి "ఇంటి బాధ్యతలు లేని" పంతులమ్మలు కావాలట. పంతులుగార్లను ఆ మాట ఎవరూ అడగరు. వాళ్లకి ఇళ్లుండవు కాబోలు.

మా చెల్లెలి మనవరాలు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది. మల్కాపురంలో మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం వెతుక్కుంటోంది. వరి పనులు పూర్తయ్యేలోగా ఏదీ దొరక్కపోతే ఊరికి తిరిగొచ్చి కుట్టుమిషను ముందు కూర్చోమని వాళ్ల నాన్న గడువు పెట్టాడు. కోతలు మొదలయ్యాక పరవాడలోని ఒక మందుల కంపెనీ ప్రకటన కనిపించింది. ఎలక్ట్రీషియన్లు కావలెను, ఐటీఐ చాలు, అనుభవం అక్కర్లేదు, సర్టిఫికెట్లతో ఉదయం గేటు దగ్గరికి రావలెను. కింద లావు అక్షరాల్లో "పురుషులు మాత్రమే".

"ఎల్దాం తాతా," అంది.

"కిందేటుందో సూసేవా?"

"సూసేను. ఆడా మగా అడిగి కొడతాదేటి కరెంటు?"

వెళ్లాం. గేటు పక్కన బల్ల వేసుకుని కూర్చున్న ఆఫీసు కుర్రాడు మా ఇద్దరినీ చూసి నాతో మాట్లాడాడు.

"మీ అబ్బాయి రాలేదా సార్?"

"అబ్బాయి ఎవరూ లేరు. ఉద్యోగం ఈ అమ్మాయికి."

"యాడ్‌లో క్లియర్‌గా వేశాం కదా సార్. నిచ్చెనలెక్కాలి. నైట్ షిఫ్టులుంటాయి. లేడీస్‌కి సేఫ్ కాదు."

"ఎక్కగలదో లేదో తననే అడుగు బాబూ."

"మీరు పెద్దవారు, మీకు అర్థమవుతుంది సార్." అప్పుడు ఆమె ముఖం వైపు చూశాడు. "ఫ్రంట్ ఆఫీసులో ఖాళీ ఉంది. పాపకి పర్సనాలిటీ బాగుంది, దానికి పెట్టమంటారా?"

పాప సర్టిఫికెట్ల కవరు అతని ముందే ఉంది. ఇంకా తెరవలేదు. ముఖం మీద ఏ మార్కులు చదివాడో మరి.

ఇంతలో సైరన్ మోగింది. రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని, ఆవులిస్తూ గుంపుగా బయటికొచ్చారు. లోపల ఊడ్చి కడిగే కాంట్రాక్టు మనుషులు. వాళ్లలో మా వీధిలో ఉండే ఒకామె నన్ను గుర్తుపట్టి ఆగింది.

"ఏటి బాబాయ్, ఇలాగొచ్చేవ్?"

"మన పిల్లకి ఉద్యోగం కోసమమ్మా. ఆడోళ్లు రాత్రి షిఫ్టుకి పనికిరారంటన్నాడు ఈ బాబు."

"ఓలమ్మా!" అని ఆమె క్యారేజీ చంకలో పెట్టుకుంది. "మరి రాత్రంతా మీ బాత్రూములు కడిగిందెవులు బాబూ? నానా, నా మొగుడా?"

"నిచ్చెనెక్కి ఆ పై కిటికీలు తుడిసింది నువ్వేటి?" అంది వెనకావిడ. గుంపంతా పగలబడి నవ్వింది. ఉద్యోగాల కోసం వరసలో నిలబడ్డ మగపిల్లలు కూడా నవ్వారు.

కుర్రాడు ఎర్రబడి నా వైపు వంగి, "వాళ్లు కాంట్రాక్ట్ సార్. అది వేరే," అన్నాడు.

వేరేట! కాంట్రాక్టరు సంతకం పెడితే చీకటి కూడా మర్యాదగా నడుచుకుంటుంది కాబోలు. చీపురు పట్టుకున్న ఆడదానికి లేని అపాయం టెస్టరు పట్టుకున్నదానికి వస్తుందట. జీతం కాస్త పెరిగేసరికి ఆడవాళ్ల క్షేమం మీద ఈ కంపెనీలకి ఎంత దిగులో!

ఫ్రంట్ ఆఫీసు పని తను వద్దంది; ఆ రోజు ఖాళీ చేతులతోనే తిరిగొచ్చాం. కోతలు అయిపోయాయని వాళ్ల నాన్న ఫోను చేస్తే, "నూర్పులవ్వనీ నాన్నా," అని పెట్టేసింది.

నూర్పులు సాగుతుండగా అదే ప్రకటన మళ్లీ వచ్చింది. గేటు దగ్గరి నవ్వు లోపలి పెద్ద ఆఫీసరు దాకా వెళ్లిందో, మగ ఎలక్ట్రీషియన్లు చాల్లేదో తెలీదు. "పురుషులు మాత్రమే" పోయి, "నిచ్చెన ఎక్కగలవారు, రాత్రి షిఫ్టులకు సిద్ధపడేవారు" అని వచ్చింది. నేను చొక్కా తొడుక్కుంటున్నాను.

"నువ్వు రాకు తాతా," అంది. "నువ్వుంటే ఆడు నీతోనే మాటాడతాడు. నానే ఎల్తన్నాను."

చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. ఆమె చెప్పింది నిజం.

సాయంత్రం గేటు పాసుతో, చేతిలో నల్లటి బూట్లతో వచ్చింది. పరీక్ష పెట్టి, నిచ్చెన ఎక్కించి, రేపట్నించే రమ్మన్నారట. వాళ్ల నాన్నకి ఫోనులో ఆ మాట చెప్పి, బూట్లు తొడిగి చూసుకుంది. కాలు లోపల ఈదుతోంది.

"సిన్న సైజు లేదంట తాతా. ఆడోళ్లొస్తారని అనుకోలేదంట."

అంత పెద్ద కంపెనీ, అంత చిన్న ఊహ.

ఉద్యోగం సంగతి తేలాక డైరీలో అతికిద్దామని మొదటి ప్రకటన కత్తిరించి బల్ల మీదే ఉంచాను. వెతికితే కనబడలేదు. ఆమె దాన్ని పాత పేపరుతో కలిపి ఉండచుట్టి, బూటు ముందుభాగంలో కుక్కేసింది. లేచి నాలుగడుగులు వేసి, "ఇప్పుడు సరిపోయింది," అంది.

ఆ రోజు డైరీ పేజీలో దాని చోటు ఖాళీగానే వదిలేశాను. "పురుషులు మాత్రమే" అన్న ఆ రెండు మాటలకి నా డైరీ కన్నా ఆ బూటే తగిన చోటు.