వీరుణ్ణి నమ్మని మాస్టారు

మాస్టారు పోయారు. ఆ మాట నాకు చెప్పింది ఆయన భార్యే. మస్కట్‌లో ఆఫీసుకు వెళ్తూ ఖురం దగ్గర సిగ్నల్లో ఆగి ఉన్నాను. ఆవిడ డాక్టరు; ఫోన్లో గొంతు, క్లినిక్‌లో రోగుల బంధువులతో మాట్లాడేటప్పటిలాగే ఉంది.

"అమ్మాయ్, మీ మాస్టారు వెళ్ళిపోయారు. టీ పెట్టుకుంటానని వంటింట్లోకి వెళ్ళారు. చప్పుడు విని నేను వచ్చేసరికే అయిపోయింది."

నేనేదో అనబోయాను. "కారు నడుపుతున్నావా? ముందు పక్కకి తీసి ఆపుకో" అన్నారావిడ. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. దీపం ఎప్పుడు పచ్చబడిందో నేను చూడలేదు.

ఊహించని కబురు కాదు. దాదాపు రెండేళ్ళుగా మా బిల్డింగులో అందరం ఆ ఫోన్ కోసమే భయపడుతూ బతికాం. మాస్టారి గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బింది. ఆపరేషన్ చేయించుకోవచ్చు. అందులోనూ ప్రమాదమే. చేయించుకోకపోతే అది ఏ రోజైనా పగలొచ్చు. బరువులెత్తకూడదు, మెట్లు ఎక్కేటప్పుడు ఆగి ఆగి ఎక్కాలి, కోపం తెచ్చుకోకూడదు. ఈ సంగతి ఆయనే ఒక శుక్రవారం మా అందరికీ చెప్పారు. చెప్పి, పకోడీల పళ్ళెం నావైపు జరిపి, "చల్లారిపోతాయి, తీసుకోమ్మా" అన్నారు.

ఆయనది రాజమండ్రి వైపు. మస్కట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో పెద్ద తరగతులకు చరిత్ర చెప్పేవారు. నేను ఆయన క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. రూవీలో మేముండే బిల్డింగులో మా కింది అంతస్తు వాళ్ళది. పిల్లలు లేరు. కొత్తగా వచ్చిన రోజుల్లో గ్యాస్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుందని అడగడానికి వాళ్ళ తలుపు తట్టాను. ఆ తలుపు మళ్ళీ మాకు మూసి ఉండటం చూడలేదు. ఆవిణ్ణి అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. ఆయన్ని మాత్రం అందరిలాగే నేనూ మాస్టారూ అనేదాన్ని.

శుక్రవారాల కథలు మా ఆయన వల్ల మొదలయ్యాయి. ఆఫీసులో మేనేజరు నలుగురిలో అవమానించాడని, క్షమాపణ చెప్పేదాకా డ్యూటీకి వెళ్ళనని మా ఆయన ఒకరోజు మాస్టారింట్లో భోజనాల దగ్గర భీష్మించుకున్నారు. మాస్టారు శ్రద్ధగా విన్నారు. "అచ్చం ఇలాగే అలిగినవాడి కథ ఒకటుంది. చెప్పనా?" అన్నారు. అది గ్రీకుల పాత వీరగాథ. సైన్యంలో అందరికంటే గొప్ప యోధుణ్ణి రాజు అందరిముందూ చిన్నబుచ్చాడు. వీరుడు యుద్ధం మానేసి గుడారంలో కూర్చున్నాడు. అతను లేక అతని పక్షంవాళ్ళే రోజూ చచ్చారు. చివరికి ప్రాణస్నేహితుడు, ఇతని కవచమే తొడుక్కుని, ఇతనికి బదులుగా వెళ్ళి చచ్చాడు.

"మన ఇళ్ళల్లో కొత్తల్లుడు అలిగితే ఓ ఉంగరంతో సరిపోతుంది. అక్కడ వీరుడు అలిగితే శ్మశానం నిండిపోయింది" అన్నారు మాస్టారు.

మా ఆయన నవ్వలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్ళారు.

ఆ తరువాత, సెలవురోజైన ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగు కుటుంబాలవాళ్ళం ఆ ఇంట్లో చేరేవాళ్ళం. చెప్పేది వేల ఏళ్ళ నాటి యుద్ధమే అయినా, వింటుంటే పక్కవీధిలో జరుగుతున్నట్టు ఉండేది. ఆ వీరుల్ని మాస్టారు పొగుడుతారని అనుకున్నాను. ఆయన పొగడలేదు. "మన కథల్లో నాయకుడు మంచివాడై ఉండాలి. వాళ్ళ కథల్లో గొప్పవాడైతే చాలు. గొప్పవాడి పక్కన నిలబడ్డవాళ్ళే ముందు పోతారు, చూసుకోండి" అనేవారు.

సముద్రం మీద ఏళ్ళ తరబడి తిరిగి ఇంటికి చేరిన వీరుడి కథ మాకందరికీ ఇష్టం. పరాయి ఒడ్డున కూర్చుని ఇల్లు తలుచుకుని ఏడ్చేవాడి కథ గల్ఫ్‌లో ఎవరికి నచ్చదు? అది మళ్ళీ చెప్పమని మాస్టారిని అడుగుతూ ఉండేవాళ్ళం. "అందరూ ఇంటికొచ్చినవాణ్ణే అడుగుతారు. అతనితో బయల్దేరినవాళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందని ఒక్కరూ అడగరు" అన్నారోసారి.

యుద్ధంలో ఎవరైనా చచ్చే ఘట్టం వస్తే ఆయన మా మొహాల్లోకి చూసేవారు కాదు. కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుస్తూ చెప్పేవారు. అనామక సైనికుడు కూలినా అతనిది ఏ ఊరో, తండ్రి ఎవరో, ఇంటి దగ్గర ఏం వదిలి వచ్చాడో ఆ కథలో ఉంటుందట. అందుకేనేమో, ఎక్కడో సైట్‌లో పడి మనవాడొకడు పోయాడని పేపర్లో వస్తే మాస్టారు మొదట అడిగే మాట, "ఏ ఊరట?"

తన జబ్బు గురించి చెప్పిన తరువాత కథల రంగు మారింది. వీరుడికి తన చావు ముందే తెలుసన్న సంగతి మీదికి ఆయన పదేపదే వెళ్ళేవారు. యుద్ధం వదిలి ఇంటికి పోతే ముసలితనం దాకా బతుకుతాడు, పేరుండదు. ఉంటే చస్తాడు, పేరుంటుంది. "తెలియకుండా చావడం అందరికీ వచ్చు. తెలిసి పొద్దున్నే లేచి చెప్పులేసుకోవడం ఉందే, అది కష్టం" అన్నారు. అక్కయ్యగారు అప్పుడు వంటింట్లోంచి ఇవతలికి వచ్చి, గుమ్మంలో ఓ క్షణం నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ కోరింది ఒక్కటే. హైదరాబాద్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలి. ఆయన వాయిదా వేస్తూ వచ్చారు. స్కూల్లో పిల్లల పరీక్షలు అయిపోనీ, ఎండాకాలం సెలవులు రానీ అనేవారు. ఆవిడ డాక్టరు కాబట్టి మాకంటే బాగా తెలుసు. తెలిసి, రాత్రిళ్ళు ఆయన ఊపిరి వింటూ పడుకునేదాన్నని ఇప్పుడు చెబుతున్నారు.

పోయిన చలికాలం చివర ఒక శుక్రవారం మేం రెండు జంటలం కలిసి ఖురియాత్ వెళ్ళాం. చేపలు కొనుక్కుని, సముద్రం ఒడ్డున అన్నాలు తిని తిరుగు ప్రయాణమయ్యాం. మా మీద చుక్క వాన పడలేదు. కానీ లోపలి కొండల మీద ఆకాశం నల్లగా, సిరా ఒలికినట్టు ఉంది. ఇక్కడి వాగులకు వాన మన నెత్తిన పడక్కర్లేదు. ఎక్కడో కొండల్లో కురిస్తే ఎండిన రాళ్ళ మధ్య నీళ్ళు గోడలా వస్తాయి. రోడ్డు వాగులోకి దిగేచోట కార్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఎర్రటి నీరు రోడ్డు మీదుగా పోతోంది. చూస్తుండగానే దాని చప్పుడు మారింది. రాళ్ళు దొర్లుతున్న చప్పుడు.

మా ముందున్న తెల్ల పికప్ ఆగలేదు. నీళ్ళలోకి దిగింది. సగం దూరం పోయి ఇంజన్ ఆగిపోయింది. డ్రైవరు కిటికీలోంచి బయటికి పాక్కుంటూ వచ్చి పైకప్పు మీద కూర్చున్నాడు. ఇవతలి ఒడ్డున చాలామంది ఫోన్లు తీసి వీడియో పట్టుకుంటున్నారు. పైకప్పు మీది మనిషి, "అన్నా! ఎవలన్న ఉన్నరా, అన్నా!" అని అరిచాడు.

తెలుగు.

మాస్టారు కారు దిగారు. ఒక ఒమానీ పెద్దాయన తన బండిలోంచి తాడు తీస్తున్నాడు. తాడు విసిరితే అందడం లేదు, నీటి వేగానికి కొట్టుకుపోతోంది. మాస్టారు కళ్ళజోడు తీసి అక్కయ్యగారి చేతిలో పెట్టారు. ఆవిడ ఆయన చొక్కా పట్టుకున్నారు.

"ఏమండీ, వద్దు. మీకు తెలుసు కదా."

"తెలుసు."

"తెలిసీ వెళ్తారా?"

ఆయన ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నారు. తాడు నడుముకి కట్టుకుని నీళ్ళలోకి దిగారు. మా ఆయన, ఆ పెద్దాయన, ఇంకా ఎవరెవరో ఇటు కొస పట్టుకున్నారు. నీళ్ళు తొడల దాకా, నడుం దాకా వచ్చాయి. ఒకసారి మాస్టారు పూర్తిగా మునిగిపోయారు. అక్కయ్యగారు కళ్ళజోడు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. తల మళ్ళీ పైకి వచ్చింది. పికప్ మీది మనిషి దూకి ఆయన్ని పట్టుకున్నాడు. ఇద్దర్నీ కలిపి లాగారు. వాళ్ళు ఒడ్డుకు చేరిన కాసేపటికి పికప్ పక్కకి ఒరిగి, అగ్గిపెట్టెలా కొట్టుకుపోయింది.

మాస్టారు రాళ్ళ మీద వెల్లకిలా పడుకున్నారు. మొహం బూడిదరంగులో ఉంది. అక్కయ్యగారు మణికట్టు పట్టుకుని నాడి చూశారు. చాలాసేపు చూశారు. తరువాత ఆ చేతిని కింద పెట్టి, లేచి వెళ్ళి కారులో కూర్చున్నారు.

తరువాతి శుక్రవారం మేం వెళ్ళేసరికి ఆ డ్రైవరు అక్కడే ఉన్నాడు. జగిత్యాల వైపువాడు, నలభై దాటినవాడు. సమాయిల్‌లో తోటల నుంచి ఖర్జూరాలు మోసే పని. ఒక డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎందుకు దిగావయ్యా నీళ్ళలోకి?" అని అడిగారు మాస్టారు.

"మా సేటు, అర్బాబ్, తిడ్తడని సార్. లేటయితే ఊకోడు. గింత నీళ్ళే గదా, పోతదిలే అనుకున్న." కాసేపు తల వంచుకున్నాడు. "మీ పానం బాగలేదని ఆ రోజే అమ్మ మొకం జూసి సమజైంది. మీకేమన్న అయ్యుంటే అమ్మకు నేనేం మొకం జూపెడుదును సార్?"

అతను వెళ్ళాక మాలో ఒకరు, మా వీరుడు మీరే మాస్టారూ అన్నారు. మాస్టారి మొహం ముడుచుకుంది. "ఆ మాట అనకండి. అతను అరిచిన క్షణంలో నాకు అతను గుర్తున్నాడో, ఇలా పోతే బాగుంటుందన్న ఆలోచనే ముందొచ్చిందో నాకే తెలియదు. ఆస్పత్రి మంచం మీద కాకుండా ఇలా పోతే బాగుంటుందని. అది ధైర్యం కాదు. పొగరు."

అప్పుడు అక్కయ్యగారు మొదటిసారి ఆ కథల గురించి మాట్లాడారు. "ఇన్నాళ్ళుగా చెబుతున్నారు కదా. యుద్ధానికి వెళ్ళొద్దని కోట గోడ దగ్గర భర్తని బతిమాలిన ఆవిడ ఉందన్నారు ఒకసారి. ఆవిడ ఏమందో చెప్పండి. పూర్తిగా చెప్పండి."

మాస్టారు మొదలుపెట్టారు. నాకు తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు, తండ్రివీ తల్లివీ అన్నవీ నువ్వే, గోడ లోపలే ఉండు, నీ ధైర్యమే నిన్ను చంపుతుంది అంటుందట ఆవిడ. భర్తకు అది నిజమని తెలుసు. తన ఊరు కూలిపోతుందనీ, ఆవిణ్ణి ఎవడో లాక్కుపోతాడనీ తెలుసు. తెలిసీ...

"చెప్పండి, తెలిసీ వెళ్తాడు" అన్నారు అక్కయ్యగారు. "నీళ్ళలోకి దిగడానికి ఒక్క నిమిషం ఆలోచించలేదు మీరు. ఆపరేషన్ బల్ల ఎక్కడానికి రెండేళ్ళ నుంచి ఆలోచిస్తున్నారు. అక్కడ చూసేవాళ్ళు ఉండరనా?"

మాస్టారు డబ్బాలోంచి ఒక ఖర్జూరం తీసి, మళ్ళీ అక్కడే పెట్టారు. "భయం" అన్నారు చివరికి. "మత్తిచ్చి పడుకోబెడతారు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు. అదే భయం." ఆయన భయం గురించి అంత మామూలుగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. అన్ని వీరగాథలకంటే ఆ మాటే నాకు ఆయన నుంచి మిగిలింది. "సరే, డాక్టరమ్మా. టికెట్లు తీసుకో" అన్నారు. పరీక్ష పేపర్లు దిద్దడం అయిన మర్నాటికి తీసుకున్నారు. పేపర్లు దిద్దడం మొదలుపెట్టిన వారంలోనే, ఆ పొద్దున్న, ఆయన టీ పెట్టుకోవడానికి వెళ్ళారు.

తలకొరివి అక్కయ్యగారే పెట్టారు. మస్కట్‌లోనే దహనం చేశాం. అస్థికలు గోదావరికి తీసుకెళ్తానని, కొంచెం మాత్రం ఇక్కడి సముద్రంలో కలపాలని ఆవిడ అన్నారు. "సగం బతుకు ఇక్కడే కదా" అన్నారు. జగిత్యాల అతను సెలవు పెట్టి వచ్చి, అర్బాబ్‌ని అడిగి తెచ్చిన బండిలో మమ్మల్ని ఖురియాత్ తీసుకెళ్ళాడు.

సాయంత్రమవుతోంది. గాలి లేచింది. అలలు రంగు మారి పెద్దవవుతున్నాయి. చేపల పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకు వచ్చేస్తున్నాయి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అక్కయ్యగారు కుండలోది వదిలారు. మేం చేతులు కడుక్కుని ఒడ్డుకు వచ్చాం. ఆవిడ రాలేదు.

వచ్చే పడవల మధ్య నుంచి ఒక పడవ బయటికి పోతోంది. దానిలో ఒక్కడే మనిషి. నిలబడి మోటారు పట్టుకుని, మా వైపు చూడకుండా, నల్లబడుతున్న నీళ్ళలోకి నేరుగా పోతున్నాడు. ఒడ్డునున్న వాళ్ళెవరూ అతన్ని పట్టించుకోలేదు.

"అతన్ని ఎవరైనా పిలవండి" అన్నారు అక్కయ్యగారు.

పడవ అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయింది. అలల మధ్య కనిపిస్తూ, మాయమవుతూ ఉంది. మోటారు చప్పుడు మాత్రం గాలితోపాటు మా దాకా వస్తోంది. అది వినిపించినంతసేపూ ఆవిడ ఆ నీళ్ళలోనే నిలబడి ఉన్నారు.