గాలి ఆడే పెట్టె, షంషాద్ ఆపా

చాలాకాలం మూసి ఉన్న కంప్యూటరు పెట్టెకు పక్క పలక విప్పగానే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన దుమ్ము, కాగిన ప్లాస్టిక్కు, కొంచెం ఇనుము కలిసిన వాసన. పులివెందుల బస్టాండు వెనక వీధిలో ఉన్న నా చిన్న దుకాణంలో ఎండలు ముదిరితే రోజూ ఆ వాసనే. నిన్న చీనీకాయలు, అంటే బత్తాయిలు, అమ్మే మండీ నుంచి ఒక కంప్యూటరు తెచ్చారు. మధ్యాహ్నం కాగానే ఆగిపోతోందట. పలక తీసి లోపలికి వంగానో లేదో, నేను పులివెందులలో లేను. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధిని ఆనుకున్న ఒక ఇరుకు సందులో ఉన్నాను. ఎదురుగా బురఖా ముసుగును వెనక్కి తోసుకుని, పెదవుల మధ్య ఒక స్క్రూ పట్టుకుని, ఆ స్క్రూ కింద పడకుండానే అందరినీ తిట్టగలిగిన ఒక మనిషి నిలబడి ఉంది. ఆమెను మీరు చూసి ఉండరు. నాకు ఆమె గురించి రాయాలని ఉంది.

ఆమె పేరు షంషాద్. ఊరంతా ఆపా అనేది, అంటే అక్క. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆయన రెండేళ్లకోసారి వచ్చి వెళ్లేవాడు. ఆపా మాత్రం ఇక్కడ కంప్యూటర్ల దుకాణం నడిపేది. విడిభాగాలు తెప్పించి, మనిషికి తగ్గట్టు బిగించి ఇచ్చేది. డిగ్రీ అయిపోగానే నేను అక్కడ బిల్లులు రాయడానికి చేరాను. బిల్లులు రాయడం నాకు నచ్చిన పని, ఎందుకంటే తల ఎత్తనక్కరలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే టేబుల్‌కేసి చూస్తూ జవాబు చెప్పేదాన్ని, అది వాళ్లకు వినబడేది కాదు. అన్నాలవేళ కౌంటరు కింద నవల పెట్టుకుని చదువుకునేదాన్ని. సాయంత్రం గదికి వెళ్లి, పగలు ఎవరితోనూ అనలేకపోయినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఇవన్నీ ఆపా కనిపెట్టేసింది.

"ఏం పాపా, ఆ పుస్తకంలో ఉండేవాళ్లతో మాట్లాడినంత మా గిరాకీలతో మాట్లాడితే నా కొట్టు బాగుపడదా?" అంది ఒకరోజు, నా అన్నం గిన్నెలోంచి వడియం తీసుకుంటూ.

నా మనసంతా ఆపా పెట్టెలు బిగించే వెనక టేబుల్ మీద ఉండేది. ఖాళీ పెట్టె ఒకటి తెచ్చి, దాని లోపల ఒక్కొక్క భాగం అమర్చి, వైర్లు వెనకనుంచి పోనిచ్చి, మీట నొక్కగానే ఫ్యాన్లు తిరగడం మొదలవుతుందే, ఆ క్షణం నాది కావాలని కోరిక. ఎన్నాళ్లో తటపటాయించి చివరికి అడిగాను. ఆపా పనిచేస్తున్న చెయ్యి ఆపలేదు.

"బిగించేది ఎవురైనా నేర్చుకుంటారు. గిరాకీ తప్పు పెట్టె అడిగితే, ఇది నీకు పనికిరాదప్పా అని చెప్పేకి నోరుండల్ల. ఆ నోరు తెచ్చుకో. ఆ పొద్దు టేబుల్ నీది."

పెట్టె అంటే క్యాబినెట్. చాలామంది సీపీయూ అంటారు గానీ అది లోపల యంత్రాలు పెట్టుకునే ఇల్లు మాత్రమే. మా దుకాణంలో ముందు వరసలో నిలువునా గాజు పలకలు, లోపల రంగులు మార్చే దీపాలు ఉన్నవి ఉండేవి. వచ్చినవాళ్లందరి వేలూ వాటి మీదికే పోయేది. ఆపాకు అందమంటే పడదని అనుకోకండి. కొత్త సరుకు వస్తే ముందు ఆమే దీపాలు వెలిగించుకుని చూసి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. "అందం లేకుంటే నేను గూడా కొనను పాపా. అందం ఉండల్ల, ఊపిరుండల్ల. రెండిట్లో ఒగటే దొరుకుతాదంటే మాత్రం ఊపిరే" అనేది. ఊపిరి చూడటానికి ఆమె పద్ధతి అగరవత్తి. తిరుగుతున్న పెట్టె ముందు వెలిగించిన అగరవత్తి పట్టుకునేది. ముందు ఫ్యాన్లు చల్లగాలిని లాగాలి, వెనకా పైనా ఉన్నవి వేడిని బయటికి తోయాలి. పొగ ముందునుంచి లోపలికి దూరి వెనకనుంచి వస్తే ఆ పెట్టె బతుకుతుంది. ముఖం మీదే తచ్చాడి పైకి పోతే, ఎంత అందంగా ఉన్నా మన ఎండలకు అది పొయ్యే.

చౌడప్ప మామ వచ్చింది అలాంటి రోజుల్లోనే. ఆయన జమ్మలమడుగు నేతపనివారి వీధి మనిషి. పట్టుచీరల అంచులకూ బుటాలకూ కంప్యూటరులో డిజైన్లు గీసి, వాటి ప్రకారం జకార్డు మగ్గానికి కావలసిన చిల్లుల అట్టలు కొట్టించి ఇచ్చేవాడు. ఆ వీధిలో సగం మగ్గాలు ఆయన అట్టల మీదే ఆడేవి. ఆయన కంప్యూటరు మధ్యాహ్నమైతే ఆగిపోతోంది. గీసిన డిజైను గాలికి పోతోంది. ముందర పెండ్లిళ్ల కాలం.

ఆపాకు ఒక మొండి అలవాటు ఉండేది. పెట్టుకునే చోటు చూడకుండా పెట్టె అమ్మదు. మర్నాడే ఇద్దరం బస్సెక్కి జమ్మలమడుగు వెళ్లాం. ఇల్లంతా ఒకటే పొడుగాటి సావడి. రెండు మగ్గాలు, వాటి మూలన నేలమీద కంప్యూటరు. ఆపా చౌడప్ప మామ కుర్చీలో కూర్చుంది. గోడమీద అరచెయ్యి ఆనించి చూసింది. కిటికీలోంచి ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుందో అడిగింది. నేను ఒక మూల నిలబడ్డాను.

"మగ్గం ఆగితే ఏ పోగు తెగిందో నాకు తెలుస్తాదమ్మా. ఇది ఆగితే యాడ తెగిందో ఎట్ల తెలుసుకునేది?" అన్నాడు చౌడప్ప మామ. "నేను ఆగితే నేనొక్కన్నే ఆగను. ఈ వీధి ఆగుతాది."

తిరుగు బస్సులో ఆపా కిటికీలోకి చూస్తూ తాపీగా అంది. "ఈ మామ పెట్టె నువ్వు చూడు. నేను నోరు తెరవను."

తర్వాతి వారం ఆయన ప్రొద్దుటూరు వచ్చాడు. నేను ముందే ఒకటి అనుకుని ఉంచాను. ముందుభాగం మొత్తం సన్నని ఇనుప వల, నల్లరంగు, దీపాలు లేవు, గాలి మాత్రం ధారాళంగా పోతుంది. దాన్ని ఆయన ముందు పెట్టాను. ఆయన వంగి, వేలితో ఆ వలను గీకి చూశాడు.

"ఏంది పాపా ఇది, జల్లెడా? పిండి జల్లించుకోనా?" అని నవ్వాడు. "మా ఇంటికి చీరలకు ఊరూరి నుంచి వస్తాంటారు. వచ్చినోళ్ల కండ్లు మొదట దీని మీదనే పడతాయి. అదిగో, ఆ గాజుది ఇయ్యి. పెండ్లికూతురి మాదిరి ఉండాది."

నేను ఆపా వైపు చూశాను. ఆపా లేచి, ముసుగు సర్దుకుని, "టీ తాగొస్తా మామా, మీరు కానీండి" అని సందులోకి వెళ్లిపోయింది. ఆమెకు టీ పడదు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

బిల్లు పుస్తకం నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. రాసేస్తే సరిపోయేది. ఆయన సంతోషంగా తీసుకెళ్లేవాడు, మే నెలలో ఆ వీధి ఆగిపోయేది, నేను టేబుల్‌కేసి చూస్తూ బతికేసేదాన్ని. నోటితో మొదలుపెట్టడం నాకు చేతకాదు. అందుకని చేతులతో మొదలుపెట్టాను. రెండు పెట్టెల్లోనూ ఫ్యాన్లు తిరిగేలా కరెంటు కలిపాను. అగరవత్తి వెలిగించి గాజు పెట్టె ముందు పట్టాను. పొగ గాజును తాకి, దానిమీదే పాకుతూ పైకి వెళ్లిపోయింది. వల పెట్టె ముందు పట్టాను. పొగ దారంలా సాగి లోపలికి దూరి, వెనకనుంచి బయటికి వచ్చింది. చౌడప్ప మామ వెనక్కి వెళ్లి చూశాడు, ముందుకు వచ్చి చూశాడు.

"పెండ్లికూతురే మామా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అయితే ముక్కూ నోరూ మూసి కూర్చోబెట్టినారు. మీ సావిట్లో రెండుగంటల ఎండకు ఎంతసేపు కూర్చుంటాది?"

ఆయన వల మీద మళ్లీ వేలు పెట్టాడు. ఈసారి గీకలేదు, నేత చూసే మనిషిలా తడిమాడు. "సరే పాపా. జల్లెడే కట్టియ్యి" అన్నాడు.

ఆపా టీ తాగకుండానే తిరిగొచ్చి బిల్లు చూసి, "ఊఁ" అంది. అంతే. టేబుల్ మాట ఎత్తలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కొన్నాళ్లకు జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చింది. కొత్త పెట్టె కూడా మధ్యాహ్నం ఆగిపోతోంది. వెంటనే బస్సెక్కాం. దారి పొడుగునా ఆపా ఎప్పుడు తిడుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

సావిట్లోకి అడుగుపెట్టి ఇద్దరం నిలబడిపోయాం. పెట్టె కనిపించలేదు. దాని మీద ముదురు మామిడిపండు రంగు పట్టు తొడుగు ఉంది. నాలుగు వైపులా జరీ అంచు, ముందువైపు సరిగ్గా వల ఉన్నచోట ఒక నెమలి బుటా. దేవుడి పీటకు కుట్టినంత శ్రద్ధగా కుట్టించాడు. వెనక వైర్లకు మాత్రం చోటు వదిలాడు. ఆ తొడుగు లోపల కంప్యూటరు నడుస్తూనే ఉంది. పైన చెయ్యి పెట్టి చూస్తే, రొట్టె కాల్చుకోవచ్చనిపించేంత వేడి.

ఆపా భుజాలు కదిలాయి. కోపమనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది. "మాషా అల్లా మామా, దీనికి చేసిన మర్యాద నా పెండ్లిలో నాకు గూడా చేయలేదు" అని, నా చెవి దగ్గరికి వంగి, "నీ పెట్టె, నీ మామ. కానియ్యి" అంది.

తీసెయ్యండి అని చెప్పడం సులభం. ఆపా మొదట వచ్చినరోజు ఆ కుర్చీలో కూర్చున్న తీరు ఎందుకో గుర్తొచ్చింది. నేనూ వెళ్లి అందులో కూర్చున్నాను. "మామా, ఇది ఎందుకు కప్పినారు?" అని అడిగాను.

"అందానికి అనుకుంటాండావా? ఈడ చూడు" అని ఆయన మగ్గం చట్టం మీద వేలితో రాసి చూపించాడు. వేలికి మెత్తని నూగు. "పోగుల్లోంచి పొద్దంతా ఇది లేస్తానే ఉంటాది. నీ జల్లెడ దీన్ని ఆపుతాదా? వారానికే లోపల పిల్లి పడుకున్నట్ల అయింది. నా భయం నాది."

ఆయన చెప్పింది నిజం. వల తీసి చూస్తే దాని వెనక తెల్లని పొర. గాలి కావాలి, నూగు రాకూడదు. నేను ఆ తొడుగు అంచు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చేతిలో ఉన్నది గుడ్డ. ఎదురుగా ఉన్నది మగ్గం.

"మామా, గుడ్డ తీయొద్దు. పలచన చేయండి" అన్నాను. "పెట్టె ముందరి చట్రానికి మాత్రమే సరిపోయేట్టు. గాలి దూరల్ల, నూగు బయటనే నిలవల్ల. మీరే నేయండి."

ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మరుసటి వారం మేం వెళ్లేసరికి ముక్క సిద్ధం. అగరవత్తి పట్టాను. పొగ గుడ్డ ముందే నిలిచిపోయింది. "నేత చిక్కనయ్యింది" అన్నాను. చౌడప్ప మామకు కోపం వచ్చింది. "నా నేతకు చిక్కనని పేరు పాపా! ఇంతకాలం దాని కోసమే కదా కష్టపడింది!" అన్నాడు. నేను వెనక్కి తగ్గలేదు. "ఈ ఒక్కదానికి చెడ్డగా నేయండి మామా" అన్నాను. ఆపా అటు తిరిగి మగ్గం చూస్తున్నట్టు నిలబడింది. ఆయన గొణుక్కుంటూనే కూర్చుని, పోగులు ఎడంగా పెట్టి రెండోది నేశాడు. ఈసారి పొగ సన్నగా, నిదానంగా లోపలికి పోయింది. పెట్టెను నేల మీదనుంచి చెక్కపీట మీదికి ఎత్తించాను. ఒకటి పెట్టెకు ఉంటే ఇంకొకటి ఉతికి ఆరేసుకునేట్టు రెండు ముక్కలు నేయమన్నాను. వాటి చుట్టూ ఎవరూ అడగకుండానే ఆయన సన్నని జరీ గీత వేశాడు. నల్లని పెట్టె ముఖం మీద ఆ బంగారు గీత గాజులూ దీపాలూ ఇవ్వలేని అందం ఇచ్చింది. ఆ పెండ్లిళ్ల కాలమంతా ఆ వీధి ఆగలేదు.

తిరిగొచ్చిన మర్నాడు నేను దుకాణం చేరేసరికి బిల్లు పుస్తకం నా చోట లేదు. ఆపా నా కుర్చీలో కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, వంకర అక్షరాలతో ఏదో రాస్తోంది. "ఏం చూస్తాండావు? వెనకకు పో. పని ఉండాది" అంది.

కొన్నేళ్ల తర్వాత ఆపా దుకాణం ఎత్తేసి భర్త దగ్గరికి కువైట్ వెళ్లిపోయింది. నేను పులివెందుల వచ్చి ఈ దుకాణం పెట్టుకున్నాను. ఆడపిల్ల కంప్యూటర్లు బిగిస్తుందా అని చూడటానికి మొదట్లో కొందరు వచ్చారు. చూసి, కొనుక్కుని వెళ్లారు.

పోయిన ఏడాది సెలవుకు వచ్చినప్పుడు ఆపా వేంపల్లెలో కట్టుకున్న కొత్త ఇంటికి కంప్యూటరు కావాలని ఇక్కడికే వచ్చింది. లోపలికి రాగానే అన్నిటినీ దాటి నేరుగా గాజు పెట్టె దగ్గరికి వెళ్లి, దీపాలు వెలిగించుకుని, "ఇది కట్టియ్యి పాపా" అంది.

"ఎక్కడ పెడతారు ఆపా?"

"టీవీ కింద చెక్క అర ఉండాది. తలుపు గూడా పెట్టించినా. దుమ్ము పడదు."

"ఆ అరలో ఇది వద్దు ఆపా."

"ఏసీ ఉండాదే ఇంట్లో!"

"ఏసీ గదికి. అర లోపలికి రాదు. వల పెట్టె తీసుకోండి, అర తలుపు తీయించేయండి."

ఆపా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ప్రొద్దుటూరు సందునంతా వణికించిన గొంతు అది. "నాకు చెప్తాండావా నువ్వు? ఈ పని నేర్పించినదానికి?"

"మీకే చెప్తాండా ఆపా. మీరు గాబట్టే చెప్తాండా. నచ్చకుంటే ఇంగో అంగట్లో తీసుకోండి, నేను మాత్రం కట్టియ్యను."

దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురూ మా వైపు తిరిగారు. ఆపా నన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత దీపాలు ఆర్పేసి, స్టూలు లాక్కుని కూర్చుని, "శానా మొండిదానివైనావే" అంది. ఆ మాట తిట్టులా లేదు. వల పెట్టే తీసుకెళ్లింది, ఆటో ఎక్కేదాకా సణుగుతూనే.

నా బిడియం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ డైరీలో రాసినంత బాగా మాట్లాడలేను. ఎవరైనా ఆశగా తప్పు పెట్టె మీద చెయ్యి వేసి నా వైపు చూసినప్పుడు, అంతకుముందు ఎప్పుడూ మాట్లాడనట్టే గొంతు ఎండిపోతుంది. ఎండిన గొంతుతోనే చెబుతాను.