సంతకం పెట్టనివ్వని పాఠకులు

మా ఊరి రీడింగ్ రూముకి తాళం పడి ఏడు నెలలైంది. వేసింది పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి అని ఊళ్ళో అందరూ అంటారు. అది సగమే నిజం. మిగతా సగం నేను వేశాను.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. కొబ్బరికాయలు వలిచి బతికినవాణ్ణి. తెలుగు అక్షరాలు ఆ రూములోనే, దినపత్రిక పెద్ద హెడ్డింగుల మీద వేలు పెట్టి నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఎరువుల బస్తాల మీదా, లారీల వెనకాలా చూసి పట్టుకున్నాను. అర్థం తెలియకపోయినా కూడబలుక్కుని చదవగలను. ఒకసారి చదివింది మరిచిపోయే అలవాటు నాకు లేదు. వలుపు దగ్గర తోటివాళ్ళు ఎప్పటెప్పటి వార్తలో నాతో చెప్పించి పందాలు కాసేవారు. జీతం తీసుకునే చివరి గుమాస్తా రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఇంకెవర్నీ వెయ్యలేదు. పోతూ పోతూ ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు. పొద్దుట రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరిచేవాణ్ణి. కాగితాల్లో నేనెవర్నీ కాను.

పాఠకులు లేని రూములు ఎత్తేసి పుస్తకాలు కొత్తపేట లైబ్రరీకి తరలిస్తారని అప్పటికే చెప్పుకుంటున్నారు. మా పాఠకుల రిజిస్టరులో రోజూ మూడు సంతకాలు ఉండేవి. ఒకటి నాది, మిగతా రెండూ పేపరు కోసం వచ్చే నా ఈడువాళ్ళవి. మా ముగ్గురిలో ఒకరికి జ్వరమొస్తే రూముకి గండమే.

అలాంటి రోజుల్లో కాలవగట్టు వీధి ఆవిడొకతె కువైట్ నుంచి తిరిగొచ్చింది. అక్కడ తొమ్మిదేళ్ళు ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో వంటపని చేసింది. వాళ్ళు సొంత దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన పింగాణీ పళ్ళేలు అట్టపెట్టెలో సర్దుకుని తెచ్చుకుంది. ఒకరోజు సాయంత్రం పుస్తకాల కట్ట చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“బాబాయిగారండీ, పళ్ళేలు పగలకుండా మధ్యలో పెట్టి తెచ్చేనండి ఇవి. ఆ ఇంట్లో పిల్లలు చదివి పారేసినవండి. తూకానికి వేసేద్దారంటే మనసొప్పలేదు.”

పన్నెండు పుస్తకాలు. నున్నటి కాగితం, పేజీ నిండా రంగుల బొమ్మలు. సముద్రం అడుగున ఒక ఊరు. ఆ ఊరి గంటలు ఎవరో ఎత్తుకుపోయారు. గంట మోగితేగాని అక్కడ తెల్లవారదు. ఒక పిల్ల, చేప తోకున్న మేకని వెంటబెట్టుకుని, గంటల కోసం వెతుకుతూ తిరుగుతుంది. పుస్తకానికొక గంట దొరుకుతుంది. ఈ మాత్రం బొమ్మలే చెప్పాయి. మాటలు మాత్రం ఇటలీ భాషలో ఉన్నాయి. ఆవిడకి చదవడం రాదు. నాకు ఆ భాష రాదు.

అక్షరాలు మాత్రం నేనెరిగినవే కాబట్టి ఊరికే ఒక కొమ్ముల రాక్షసుడి బొమ్మ కింద ఉన్నది కూడబలుక్కుని పైకి చదివాను. ఆవిడ గుమ్మం దిగబోతున్నదల్లా ఆగిపోయింది.

“మళ్ళీ అనండి.”

మళ్ళీ అన్నాను. నేను పలికినదాన్ని రెండుచోట్ల సరిచేసి, “కూర్చో, చేతులు కడుక్కున్నావా అంటన్నాడండి,” అంది.

“ఎవడూ?”

“ఆ కొమ్ములోడండి.”

“రాక్షసుడు చేతులు కడుక్కోమంటాడా?”

“మా అయ్యగారింట్లో అందరూ అనేవోరండి. ఈడూ ఆ దేశపోడే కదండీ మరి.”

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. నేను అర్థం తెలియకుండా చదివేవాణ్ణి, ఆవిడ అక్షరం తెలియకుండా అర్థం చెప్పేది. ఆవిడకి వచ్చిన ఇటలీ అంతా వంటింట్లోదీ, పిల్లల్ని నిద్రపుచ్చేదీ. అందుకని ఆ కథలో యుద్ధానికి వెళ్ళేవాడు కూడా ముందు అన్నం తిన్నావా అని అడిగేవాడు. తెలియని మాటొస్తే, “ఇది వీధిలో మాటండి, నాకు తెలీదు,” అని నిజం చెప్పేసేది. ఎవరో కుర్రవాళ్ళు ఫోనుతో ఫొటో తీస్తే తెలుగైపోతుందన్నారు. చూశాం. వచ్చిన తెలుగుకి మళ్ళీ ఇంకొకరు అర్థం చెప్పాల్సి వచ్చింది.

మొదట ఎదురింటి పిల్ల వచ్చింది. ఏడో తరగతి. తరవాత దాని స్నేహితులు, వాళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. రెండో గంట దొరికేసరికి గచ్చు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి జరిగిన కథంతా ఆ పిల్లే చెప్పేది, నాకంటే బాగా. ఆ రూములో అంతమంది కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఇక దీన్ని ఎవడూ మూయలేడనుకున్నాను.

ఒకరోజు ఆ పిల్ల రిజిస్టరు ముందుకి లాక్కుంది. “తాతగారండీ, మేం కూడా సంతకాలు పెడతావండి.”

నేను వెనక్కి లాక్కున్నాను. “ఇది రూము పుస్తకాలు చదివినవాళ్ళకమ్మా. ఇవి స్టాకులో లేవు. లేని పుస్తకం చదివామని పెడితే అది దొంగ సంతకం.”

“కూర్చుంటంది రూములోనే కదండీ?”

“ఎదురు చెప్పకు.”

రిజిస్టరు బీరువాలో పెట్టేశాను. బడికెళ్ళనివాడికి రూలంటే ఉండే భక్తి చదువుకున్నవాడికి ఉండదు. చదువుకున్నవాడికి అది ఎక్కడ వంగుతుందో తెలుసు. నేను అచ్చులో కనిపించిందల్లా దేవుడి మాటనుకుని బతికాను. పాతికమంది పిల్లలు నెలల తరబడి వస్తే రిజిస్టరులో మాత్రం రోజూ మూడే సంతకాలు పడ్డాయి.

పన్నెండో పుస్తకం సగంలో ఉండగా ఆవిడకి మళ్ళీ వీసా వచ్చింది. ఈసారి అరబ్బుల ఇల్లు. వెళ్ళే ముందు రోజు కూడా వచ్చి రెండు పేజీలు చెప్పింది. పదకొండు గంటలు దొరికాయి. ఆఖరిది ఏదో తలుపు వెనకాల ఉంది, కథలో పిల్ల ఆ తలుపు దగ్గర నిలబడింది. అక్కడ ఆపాం. “సెలవుకొచ్చి చెబుతానండి, దాచి ఉంచండి,” అంది. పిల్లలు ఆ తరవాత కూడా వచ్చారు. చెప్పినకాడికి మళ్ళీ మొదటినుంచి చెప్పించుకునేవారు.

అధికారి పొద్దున్న పదకొండింటికి వచ్చాడు. ఆ వేళకి పిల్లలు బళ్ళో ఉంటారు. రిజిస్టరు తిప్పి చూశాడు.

“రోజుకి ముగ్గురేనాండీ?”

“సాయంత్రం పాతికమంది పిల్లలొస్తారండి.”

“సంతకాలేవండీ?”

“నేనే వద్దన్నానండి. అయిదింటిదాకా ఉంటే మీ కళ్ళతో చూద్దురుగాని.”

“ఇంకా మూడూళ్ళు తిరగాలండి నేను. సరే, పిల్లలు ఏం చదువుతారండి?”

బీరువా తీసి చూపించాను. ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “ఇదేం భాషండీ?”

“ఇటలీ భాషండి.”

“మీకొచ్చా?”

“చదువుతానండి, అర్థం తెలీదు. అర్థం తెలిసినావిడ కువైట్ వెళ్ళిపోయిందండి.”

అంటుండగానే అది వినేవాడికి ఎలా ఉంటుందో నాకు తెలిసిపోయింది. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పుస్తకం జాగ్రత్తగా బీరువాలో పెట్టి, “మంచిదండి,” అని, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులకి ఆటో వచ్చింది. స్టాకు పుస్తకాలు జాబితా ప్రకారం లెక్క చూసి ఎక్కించారు. ఆ పన్నెండూ బీరువాలోనే ఉండిపోయాయి. నాకివ్వమన్నాను. “జాబితాలో లేనివి మీకిచ్చినట్టు నేనేమని రాసుకోవాలండీ?” అన్నాడు వచ్చినవాడు. నేను పిల్లలతో అన్న మాటే అది, నాకే తిరిగొచ్చింది. తలుపు వేసి సీలు వేశారు.

ఊరుకోలేదు. అర్జీ రాశాను, అక్షరం తప్పు లేకుండా. కొత్తపేట నాలుగుసార్లు, అమలాపురం రెండుసార్లు తిరిగాను. కుర్చీ వేసి కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. “ఆయ్, చూస్తావండి,” అన్నారు. ఒక్కడు తిట్టినా తిరిగి తిట్టి మనసు దించుకునేవాణ్ణి. ఇంత మర్యాదగా గొంతు నులమడం ఎక్కడ నేర్చుకుంటారో తెలియదు. ఊళ్ళో పెద్దమనుషుల్ని సంతకాలు పెట్టమంటే, “ఇప్పుడెవరు చదువుతున్నారండీ,” అన్నారు. తమ పిల్లలే చదివారని వాళ్ళకి తెలియదు.

వానలు పట్టాక కిటికీలోంచి చూశాను. బీరువా కాలు వెంట చెదలు మట్టిబాట కట్టుకుంటూ పైకి పోతున్నాయి. నా చెయ్యి అంతదూరం అందదు.

ఒక శుక్రవారం, ఆవిడకి తీరికుండే రోజు, కువైట్‌కి ఫోను చేయించాను. ఆఖరి సగం నేను ముందే పైకి చదువుకుని ఉన్నాను, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఒకసారి చదివింది మరిచిపోనివాణ్ణి కదా, ఫోనులో అప్పజెప్తే ఆవిడ అర్థం చెబుతుంది, పిల్లలకి మా వీధరుగు మీదైనా వినిపించవచ్చనుకున్నాను. రెండు మాటలు చెప్పాను. మూడోది రాలేదు. ఆవిడ “తొందర లేదు, ఆలోచించండి బాబాయిగారండీ,” అంది. అర్థం లేకుండా దాచుకున్న మాట జారిపోతుందని నాకు ఈ వయసులో తెలిసింది. అవతల ఎవరో కేకేశారు. పెట్టేసింది.

పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎదురింటి పిల్ల మాత్రం మొన్న ఆదివారం వచ్చి నా అరుగు మీద కూర్చుంది.

“తలుపు తీసేకా ఏవయ్యిందండి, తాతగారండీ?”

జీవితంలో మొదటిసారి, లేనిది ఉన్నట్టు చెప్పాను. తలుపు తీసిందన్నాను. గంట అక్కడే వేలాడుతోందన్నాను. మేక తోకతో కొడితే అది మోగిందనీ, సముద్రం అడుగున తెల్లవారిందనీ చెప్పాను. మంచి తెలుగులో చెప్పాను.

పిల్ల చివరిదాకా వింది. మర్యాద గల పిల్ల.

“ఇది మీరు కల్పించిందండి,” అంది.

“ఎలా తెలిసింది?”

“ఇందులో ఎవరూ అన్నం తిన్నావా అని అడగలేదండి.”

లేచి గౌను దులుపుకుని, బొమ్మలు చూసుకోవడానికి వాళ్ళమ్మ ఫోను అడుగుతానంటూ ఎదురింట్లోకి వెళ్ళిపోయింది.