తల రాని చోటు

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కొలతలక్క అంటారు. పన్నెండేళ్లు బల్ల ముందు నిలబడి స్క్రూలు బిగించిన మనిషి. పక్కన రోబో చేతులు వచ్చి నిలబడ్డాక, వాటి దెబ్బ కొలిచే పని పట్టుబట్టి నేర్చుకుంది. స్ప్రింగూ రబ్బరు మెత్తా ఉన్న పెట్టెను మనిషి చెయ్యి ఉండే చోట బిగిస్తుంది. రోబో వచ్చి దాన్ని గుద్దుతుంది. ఎంత గట్టిగా తగిలిందో అంకె పడుతుంది. అరచేతికి ఇంత, భుజానికి ఇంత అని హద్దులున్నాయి. తలకు మాత్రం అసలు తగలనే కూడదు. ఆవిడ పట్టూ అలాంటిదే, కాదంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా కాదే.

ఈసారి ఏడో బల్ల దగ్గర చిక్కొచ్చింది. అక్కడ పనిచేసేది సాక్షాత్తూ ఆమె ఆడపడుచు. చేతి దగ్గర అంకె హద్దులోనే ఉంది. కొలతల కాగితం మీద ఆమె సంతకం పెడితే సోమవారం నుంచి రోబో పూర్తి వేగంతో తిరుగుతుంది. కొలతలక్క పెన్ను మూత తీయలేదు.

"ఇంకా ఏం కావాలమ్మా?" అన్నాడు మేనేజరు.

"స్క్రూ కింద పడితే వంగుతారు సార్. లేచేటప్పుడు తల సరిగ్గా దాని దారిలోకొస్తుంది."

"పడితే నాకు చెప్పాలి, వంగకూడదు. ఆర్నెల్లలో ఒక్కరూ చెప్పలేదు. అంటే పడట్లేదనేగా?"

ఆమెకు ఒళ్లు మండింది. చెప్తే అందరి ముందూ చీవాట్లు. అందుకే గుట్టుచప్పుడు కాకుండా ఏరుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడతారు. పన్నెండేళ్లు తానూ చేసిన పనే అది.

మేనేజరు లైను ఆపించాడు. "స్క్రూ కోసం వంగేవాళ్లెవరైనా ఉన్నారా?"

అందరూ బల్లల మీది స్క్రూలు సర్దుకోసాగారు. ఆడపడుచు నేలచూపులు చూసింది. "నా పరువు తీయకు వదినా, ఆ సంతకమేదో పారేసి రా" అని పొద్దున బస్సులో బతిమాలింది ఈవిడే. కొలతలక్కకు కోపం రాలేదు, భయమేసింది. ఈ పిల్ల తల పగిలితే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

"వీళ్లు చెప్పకపోయినా సరే సార్, నేను పెట్టను. ఇంకొకరితో పెట్టించుకోండి. నేనెందుకు పెట్టలేదో మాత్రం ఆ కాగితం మీదే రాస్తాను."

అప్పుడు ఏడో బల్ల దగ్గర చెయ్యి లేచింది.

"నేను వంగుతాను సార్," అంది ఆడపడుచు. "రోజుకు ఏడెనిమిదిసార్లు. ఇవాళ కూడా."

మేనేజరు నోరు తెరిచేలోగా పదో బల్ల పెద్దాయన చెయ్యెత్తాడు. తర్వాత అటు ఇద్దరు, ఇటు నలుగురు. పూర్తి వేగం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అడ్డుగోడ కట్టేదాకా రోబోను ఆపమని మేనేజరే చెప్పి వెళ్లిపోయాడు.

అందరూ చేతులు దించారు. ఆడపడుచు చెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంది. వదినే వెళ్లి, పట్టుకుని దించింది.