రెండు గళ్ల బంటు

ఎనభైల మాట. కాజీపేట స్టేషన్ వెయిటింగ్ రూంలో చదరంగం అట్ట పరుచుకున్న ఒక పెద్దమనిషి నన్ను పిలిచి, "కొత్త రూల్సు వద్దు తమ్మీ, మన తీరే ఆడుదాం. బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడవాలె," అన్నాడు. మా తాత నేర్పిన ఆటా అదే కాబట్టి సంబరంగా కూర్చున్నాను.

ప్రతి ఎత్తుకూ ముందు ఆయన ఒడిలోని సంచీలో చేయి పెట్టి, లోపలికి తొంగిచూస్తూ జర్దా డబ్బా కోసం వెతికేవాడు. జర్దా మాత్రం ఒక్కసారీ వేసుకోలేదు. అయినా నాకు అనుమానం రాలేదు. "నీ చేతిల ఆట ఉన్నది," అని ఆయన అన్న మాటకే పొంగిపోయి ఉన్నాను.

ఇంతలో ఆయన బంటును రెండు గళ్లు జరిపాడు.

"అన్నా, ఒక్క గడే అన్నరు గదా," అన్నాను.

ఆయన బిత్తరపోయి సంచీలోకి చూశాడు. నేనూ చూశాను. లోపల ఎర్రలైటు వెలుగుతున్న ఎత్తులు చెప్పే చదరంగం మిషన్ ఉంది. దానికి మన తీరు తెలియదు.

"దుబాయ్ నుంచి మా బామ్మర్ది తెచ్చిండు," అన్నాడు మెల్లగా.

ఇప్పుడు ఫోన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో రోజూ ఆడతాను. ఎవరు దేన్ని అడిగి ఆడుతున్నారో పట్టించుకోను. నా ఆట బాగుందని ఎవరైనా రాస్తే మాత్రం ఫోన్ బోర్లా పెట్టేస్తాను.