అంజవ్వ టీవీలో గానుగ

బోధన్‌లో చక్కెర మిల్లు మూతబడ్డాక మా గల్లీకి మిగిలిన గానుగ ఒక్కటే. అది అంజవ్వ ఇంట్లో, టీవీ తెర మధ్యలో తిరిగేది. సీరియల్ మంచి రసపట్టులో ఉండగా బొమ్మ బిగుసుకుపోయేది. నడుమ తెల్లటి గుండ్రం ఒకటి గిర్రున తిరగడం మొదలుపెట్టేది. దానికి గానుగ అని పేరు పెట్టింది ఎదురింటి ఈరవ్వ. ఆమె పెనిమిటి మిల్లులో పనిచేసి పోయినవాడు కాబట్టి ఆ హక్కు ఆమెకుంది.

"ఇగో, గానుగ వడ్డది. చెరుకు లేదు, రసం లేదు, ఉత్తగనే తిరుగవట్టె" అనేది.

అంజవ్వ మా పక్కింటామె. బీడీలు చుడుతుంది. వయసు మీదపడ్డా వేళ్లు తగ్గలేదు, కండ్లే మసకబారాయి. చుట్టడానికి కండ్లతో పనిలేదు, మడతా దారమూ వేళ్లకే తెలుసు. కండ్లు కావలసింది ఆకు కత్తిరించడానికి. నానిన తునికాకు మీద అచ్చురేకు పెట్టి, దాని అంచు దాటకుండా కత్తెర ఆడించాలి. ఆకు వంకరైతే బీడీ వంకర. వంకరవాటిని, కార్ఖానా తరఫున ఆకిచ్చి బీడీలు తీసుకునే టేకేదారు ఆత్మారాం చాటలోంచి ఏరి పక్కన పారేస్తాడు. కంటి ఆపరేషన్ ఉచితమని ఊరంతా బోర్డులున్నాయి. ఆపరేషన్ తర్వాత పని మానుకుని కూర్చోవడం కూడా ఉచితమని ఏ బోర్డు మీదా రాయలేదు.

అందుకని ఆమె ఒక ఏర్పాటు చేసుకుంది. మధ్యాహ్నం కాగానే గల్లీ ఆడవాళ్లు చాటలు పట్టుకుని ఆమె ముందరింట్లో కూర్చుంటారు. రాత్రి వచ్చిన సీరియల్‌ను అక్కడ చూస్తారు. రాత్రిపూట వాళ్ల ఇళ్లలో రిమోట్ మగవాళ్ల చేతుల్లో ఉంటుంది మరి. చూస్తూ, తమ ఆకుతో పాటు అంజవ్వ ఆకు కూడా తలా ఇంత కత్తిరించి పెడతారు. ఎవరూ అడిగింది లేదు, ఎవరూ ఒప్పుకున్నది లేదు. టీవీ ఆమెది, కత్తెర వాళ్లది. తెర సరిగ్గా కనబడని మనిషి గల్లీకంతా టీవీ చూపిస్తోందని ఎవరికీ వింతగా తోచలేదు. ఈ ఊళ్లో అంతకంటే పెద్ద వింతలకే అలవాటు పడ్డాం.

కేబుల్ నడిపే ఆయన దుకాణం ఎత్తేయడంతో ఆ ఏర్పాటుకు ముప్పొచ్చింది. అంజవ్వ వెంటనే ఇంటర్నెట్ పెట్టించుకుంది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆఫీసున్న ఏదో కంపెనీ తరఫున భూమేష్ వచ్చి, గూట్లో దేవుని పటం పక్కన రెండు కొమ్ముల డబ్బా పెట్టి, పచ్చలైటు వెలిగించాడు.

"గిది వెలిగినంత సేపు నీకు రంది లేదవ్వా."

అంజవ్వ ఎందుకైనా మంచిదని లైటుకు కూడా దండం పెట్టింది.

ఎండాకాలమంతా బాగానే నడిచింది. వానలు పడగానే గానుగ తిరగడం మొదలైంది. ఒకరోజు అత్త కోడలి చెంప పగలగొట్టబోయి చెయ్యెత్తింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ దిగలేదు. సవితకు ఓపిక పోయింది. అంజవ్వ ఆకు ఎక్కువగా కత్తిరించేది ఆమే.

"అవ్వా, గిట్లయితే నాతోని గాదు. మా ఇంట్ల టీవీ గోడంత ఉన్నది. అందరు అటే రాండ్రి."

"టీవీ గోడంత ఉన్నది సరే. మీ అత్త గూడ గోడంతనే ఉండె గద, యాడ కూసోవాలె?" అంది ఈరవ్వ.

"అమాస ఎల్లంగనే మా అత్త కోటగిరికి పోతది, ఆడిబిడ్డ ఇంటికి."

అందరూ నవ్వారు. అంజవ్వ నవ్వలేదు. ఆమె వేళ్ల మధ్య దారం తెగింది. బీడీ చుడుతూ ఆమె దారం తెంపుకోవడం అంతకుముందు గల్లీలో ఎవరూ చూడలేదు. వీళ్లు సవిత ఇంటికి పోతే ఆకు కత్తిరించేవాళ్లు ఉండరు. ఆకు లేకపోతే ఆ వేళ్లతో పనేముంది?

భూమేష్‌ను పిలిపించింది. మనిషి ఇంటికొస్తున్నాడని ముందే గూడు ఖాళీ చేసి, తుడిచి, పటానికి కొత్త పువ్వు పెట్టింది. అతను వచ్చి టీవీ పెడితే సీరియల్ ఎక్కడా ఆగలేదు.

"ఏందవ్వా, గుర్రం లెక్క ఉరుకుతున్నది. ఉత్తగనే పిలిస్తివా?"

అతని బండి చప్పుడు మలుపు తిరిగాక కొంతసేపటికి గానుగ పడింది. మళ్లీ పిలిచారు. మళ్లీ గుర్రమే. భూమేష్ వైరు మార్చాడు, డబ్బా మార్చాడు, స్తంభాల మీద కోతులను తిట్టాడు.

"దీనికి వీడంటే భయం. వీని ఫోటో ఒకటి గూట్లె పెట్టు అంజవ్వా" అంది ఈరవ్వ.

"ఫోటో ఎందుకు? మనిషినే ఇల్లరికం తెచ్చుకోరాదు?" అంది సవిత.

"నాకు పెండ్లయిందక్కా!"

"నిన్ను అల్లున్ని చేసుకుంటలేం తమ్మీ, యాంటెన చేసుకుంటం."

పుస్తకాలు చదివేవాడినని నన్నూ అడిగారు. నేను చదివిన పుస్తకాల్లో మనిషి బాధ గురించి చాలా ఉంది, ఆ డబ్బా గురించి ఏమీ లేదు.

ఇంతలో కార్ఖానా నుంచి ఆకూ తంబాకూ రావడం ఆగిపోయింది. పైనుంచే రాలేదన్నాడు ఆత్మారాం. ఆ పైన అనేది ఎక్కడుందో మాకెప్పుడూ తెలియదు. పని లేదు కాబట్టి ఆడవాళ్లు రాలేదు. ఆ రోజుల్లో నెట్ ఒక్కసారి కూడా ఆగలేదు. అంజవ్వ ఒక్కతే గోడకు ఆనుకుని, ఎత్తిన చెయ్యి చెంప మీద పడిన చప్పుడు వినేది.

"నడుస్తున్నదా బిడ్డా?" అని గడపలో ఉన్న నన్ను అడిగింది.

"నడుస్తున్నది అవ్వా."

"పని లేనప్పుడు బాగనే నడుస్తది" అంది. టీవీ సంగతే అన్నదో, ఇంకేమైనా అన్నదో.

అమావాస్యకు ముందే ఆకూ తంబాకూ వచ్చాయి. ఆడవాళ్లూ వచ్చారు. అంజవ్వ చాటకు కావలసినంత తీసుకుని, మిగిలిన తంబాకును ఎప్పటిలాగే బట్టలో మూటగట్టి గూట్లో డబ్బా మీద పెట్టింది. వానాకాలంలో తంబాకు చల్లబడితే బూజు పడుతుంది. ఆమె తల్లి పొయ్యి గడ్డ మీద పెట్టేది. ఇప్పుడు పొయ్యి గడ్డ లేదు, గ్యాసు. పొద్దంతా వెచ్చగా ఉండే వస్తువు ఆ ఇంట్లో డబ్బా ఒక్కటే. భూమేష్ వచ్చినప్పుడల్లా మర్యాదగా తీసేసిందీ ఆ మూటనే.

సీరియల్ మొదలైంది. కాసేపు నడిచి ఆగింది.

అంజవ్వ లేచింది. మూట కింద చెయ్యి పెట్టి చూసింది. వేడికి చటుక్కున వెనక్కి తీసుకుంది. మూట తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డబ్బా చల్లారాక గానుగ పోయి బొమ్మ కదిలింది. "అచ్చింది, అచ్చింది!" అని అందరూ అరిచారు. ఆమె దారం అందుకుని మళ్లీ చుట్టసాగింది.

తర్వాత టీవీకి అడ్డే లేదు. సవిత అత్త కోటగిరికి పోయింది, అయినా సవిత ఇక్కడికే వచ్చింది. వారం తిరగకముందే అంజవ్వ చాట ముందు ఆత్మారాం తల పట్టుకున్నాడు.

"నీ ఆకేందవ్వా గిట్లున్నది? పాము వంకర్లు! సగానికి సగం పక్కకే వడ్డయి."

అంజవ్వ ఇంటికొచ్చి, కత్తిరించి పెట్టిన ఆకుల అంచులను ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. టీవీ ఆగినప్పుడు ఆడవాళ్ల కండ్లు చేతుల మీద ఉండేవి. ఆగని టీవీ ఆ కండ్లను లాక్కుంది. కత్తెర దాని దారిన అది పోతోంది. తమ ఆకు దగ్గర కాస్త జాగ్రత్తే. ఊరికే చేసే పని కదా, ఆమె ఆకు దగ్గర జాగ్రత్త జారిపోతోంది.

మర్నాడు ఆమె ఆకు కట్ట సవిత ముందుకు రాగానే అంజవ్వ లేచి మూటను డబ్బా మీద పెట్టింది. కాసేపటికి డబ్బా వేడెక్కింది. గానుగ పడింది. భూమేష్ ఏడు తరాలనూ తిడుతూ అందరూ తలలు దించారు. కత్తెరలు నిటారుగా నడిచాయి. తన కట్ట అయిపోగానే అంజవ్వ మూట తీసి ఒళ్లో పెట్టుకుంది. గడపలో కూర్చున్న నేను తప్ప మూటను ఎవరూ పట్టించుకోలేదు. బీడీలు చుట్టే ఇంట్లో తంబాకు మూట కంటికి ఆనే వస్తువు కాదు.

వానలు వెనకపట్టాయి. గానుగ మాత్రం పోలేదు.

"ఇంకా గీ సతాయింపేంది అవ్వా? వానలు పాయె గద!" అంది సవిత.

అంజవ్వ మొహం నా వైపు తిప్పింది. "బుక్కులు సదివెటోనివి, జర నువ్వన్న సెప్పు బిడ్డా వీళ్లకు."

ఆమెకు నా మొహం కనబడదని తెలిసినా తల దించుకున్నాను. "సముద్రం అడుగున నెట్ తీగ తెగిందట" అన్నాను.

"సముద్రంల తెగితే మన బోధన్ల ఆగుతదా?"

"యాడ తెగినా ఆగేది మన బోధన్లనే గదనే" అంది ఈరవ్వ.

అది మాత్రం అందరికీ నమ్మకంగా తోచింది. సవిత నిట్టూర్చి, అచ్చురేకు సరిగ్గా పెట్టి, అంజవ్వ ఆకు కత్తిరించసాగింది.